మూడు కిలోల లెన్స్

"ఆరు అంకెలు. నాలుగింటికల్లా నాకు కావాలి," అన్నాడు చీఫ్ భీమశంకరం ఫోన్‌లో.

అమెరికాలో ఆష్‌బర్న్‌లోని ఒక డేటా సెంటర్‌లోకి విదేశీ ముఠా వైరస్ ఎక్కించింది. నాలుగింటికి అది పని మొదలుపెడితే మూడు రాష్ట్రాల ఆసుపత్రుల రికార్డులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. ముఠా నాయకుణ్ణి, కోడ్‌నేమ్ కోబ్రాని, ముందే పట్టుకుంటే వైరస్ దానంతటదే రెచ్చిపోతుంది. అతను చివరి నిమిషంలో టాబ్లెట్‌లో కొట్టే పాస్‌కోడ్ దొరికితేనే దాన్ని ఆపగలరు. కాఫీ షాపు బయట కూర్చున్న కోబ్రా వేళ్లను ఎదురు అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తు నుంచి వీడియో తీయడం ఏజెంట్ రఘు పని. కోబ్రాని మాటల్లో పెట్టి కదలకుండా చూడటం శ్రీవిద్య పని.

ఆ అపార్ట్‌మెంట్‌లో ఇద్దరూ మూడేళ్లుగా సాఫ్ట్‌వేర్ దంపతులుగా నటిస్తున్నారు. అది నటన అన్న సంగతి రఘు మూడో నెలలోనే మరిచిపోయాడు.

3:52. రఘు బ్యాగ్ తెరిచాడు. అరచేతిలో పట్టే కెమెరా, దానికి మూరెడు లెన్స్. పొద్దున శ్రీవిద్యే అన్నీ బిగించి సర్దింది. ట్రైపాడ్ మీద పెట్టగానే లెన్స్ ముందుకు వాలిపోయింది. లెన్స్ అడుగున, ట్రైపాడ్‌కి బిగించడానికి ఉండాల్సిన కాలు విప్పేసి ఉంది. ట్రైపాడ్ ప్లేట్ కెమెరాకి బిగించి ఉంది. బ్యాగంతా వెతికినా ఆ కాలు కనిపించలేదు.

తొందరలో పొరపాటు చేసిందేమో అనుకోబోయాడు. కానీ బరువంతా లెన్స్‌దే కాబట్టి ఆధారం లెన్స్‌కే ఇవ్వాలని, లేకపోతే బొమ్మ వణుకుతుందని, లెన్స్ తగిలించే కెమెరా మౌంట్ కూడా ఊడొస్తుందని సన్నీవేల్ ట్రైనింగ్‌లో అతనికి నేర్పిందే ఆమె. పక్క టేబుళ్ల దగ్గర ఏజెన్సీ మనుషులుండగా కాఫీ షాపులో ఆమె ఏమీ చేయడానికి వీల్లేదు. కోబ్రా కోసం చేయాల్సింది పొద్దున ఇంట్లోనే చేసేసింది.

లెన్స్‌ని చేత్తో ఎత్తిపట్టి చూశాడు. వణికే బొమ్మలో ఆకుపచ్చ గౌన్‌లో శ్రీవిద్య. కిటికీ వైపు చూసి చిన్నగా నవ్వింది. ఇంత మోసం బయటివాళ్లెవరూ అతనికి చేయలేదు.

3:57. వంటింట్లోకి పరిగెత్తాడు. నాలుగు పౌండ్ల కందిపప్పు ప్యాకెట్ మూల కోసి, కొంత పారబోసి, మూతి మెలిపెట్టాడు. కిటికీ గట్టు మీద వేసి లెన్స్‌ని దాని మీద పడుకోబెట్టాడు. పప్పు అటూ ఇటూ సర్దుకుంది. బొమ్మ నిలిచింది.

కోబ్రా వేళ్లు కదిలాయి. రఘు ఒక్కో అంకే ఫోన్‌లో చదివాడు. నాలుగింటికి రెండు సెకన్లుండగా వైరస్ ఆగిందని అవతలి నుంచి కబురొచ్చింది.

లెన్స్ కాలు సంగతి కూడా చీఫ్‌కి చెప్పి అతను కిందికి వెళ్లేసరికి కోబ్రాకీ, శ్రీవిద్యకీ బేడీలు పడ్డాయి.

"వీడియో షేక్ అవ్వలేదా?" అడిగింది శ్రీవిద్య.

"లేదు. ఈ మూడేళ్లూ నీకు డ్యూటీయేనా?"

"నీకు కాదా?"

ఏజెన్సీ కార్ ఆమెని ఎక్కించుకుని వెళ్లిపోయింది.

లిఫ్ట్ దగ్గర పక్క ఫ్లాట్ ఉమగారు ఎదురై, శనివారం సత్యనారాయణ వ్రతమని, దంపతులిద్దరూ కలిసే రావాలని పిలిచారు. శత్రువుకి దొరికిపోతే ఏం చెప్పాలో ఏజెన్సీ నేర్పింది గానీ, ఇలాంటప్పుడు ఏం చెప్పాలో నేర్పలేదు.

"తనకి వీసా ప్రాబ్లెమ్ వచ్చిందండీ," అన్నాడు రఘు.

అయ్యో పాపం అన్నారు ఉమగారు. ఇంకొక్క ప్రశ్న కూడా వేయలేదు.