తవిటినాయుడు పిలవలేదు

పలాస మైదానంలో ఆ మధ్యాహ్నం నాలుగు వేలమంది చెడుగుడు పోటీ చూస్తున్నారు. నాలుగు వేలమంది చెవుల్లోనూ పైల తవిటినాయుడే ఆట చెబుతున్నాడు, ఒక్కొక్కరికి ఒక్కో రకంగా. కాశీబుగ్గ వాళ్ళతో కాశీబుగ్గ గెలుపు ఖాయమన్నాడు. మందస వాళ్ళతో మందస కుర్రాళ్ళ పట్టు చూడమన్నాడు. ఆయన చనిపోయి ఆరేళ్ళయింది.

బతికుండగా ముప్పై నాలుగేళ్ళు ఆయన ఊరి రేడియోలో ఆట చెప్పాడు. జీడిపిక్కలు వలిచే ఆడవాళ్ళు చేతులు ఆపకుండానే ఆయన్ని వినేవారు. ఆయన పోయాక ఆ గొంతును ఊరు వదులుకోలేకపోయింది. గొంతులు నిలవచేసే సంస్థ ఒకటి వచ్చి, పాత రికార్డింగులన్నీ పట్టుకుపోయి, ఆయన 'స్వరబింబం' తయారుచేసింది. బియ్యపుగింజంత 'చెవిపూస' పెట్టుకుంటే చాలు, వినేవారి నాడి చూసుకుంటూ, వారికి హాయి కలిగేలా అది మాటను మలుస్తుంది. అనుమతి పత్రం మీద వేలిముద్ర వేసింది ఆయన కూతురు నీలవేణి. నాన్న గొంతు ఊళ్ళోనే ఉంటుందంటే ఏ కూతురు కాదంటుంది?

నీలవేణి ఇప్పుడు క్రీడాసంఘం కార్యదర్శి. బరి గీత పక్కనే నిలబడి ఉంది కనుక కాశీబుగ్గ ఆటగాడు సనపల ఢిల్లేశ్వరరావు పడటం అందరికన్నా ముందు ఆమే చూసింది. కూతకు వెళ్ళి తిరిగొస్తున్నవాణ్ణి ముగ్గురు ఒక్కసారిగా పట్టుకున్నారు. తల కిందుగా, మెడ మీద పడ్డాడు. మళ్ళీ లేవలేదు. ఆట అక్కడితో ఆపేశారు.

అంబులెన్సులో అతనికి స్పృహ ఉంది. కాళ్ళూ చేతులూ కదలడం లేదు. "అమ్మని పిలవక్కా," అన్నాడు పక్కనున్న నీలవేణితో. కాసేపటికి మళ్ళీ అదే మాట అన్నాడు. ఆస్పత్రిలో వైద్యుడు నీలవేణిని పక్కకు తీసుకెళ్ళి, గంట గడవడం కూడా కష్టమని చెప్పాడు.

అతని తల్లి దాలమ్మకు ఫోను కలవలేదు. రెండేళ్ళ కిందట ఆమెకు గుండెపోటు వస్తే, ఆమె చెవిపూసను 'ఊరట అమరిక'లో పెట్టారు. చెడ్డ కబురు గుండెకు తగలకుండా కాపాడటం దాని పని; ఆమెకొచ్చే ఫోన్లు కూడా ముందు అదే అందుకుంటుంది. నీలవేణి మూడుసార్లు ప్రయత్నిస్తే మూడుసార్లూ, "ఆవిడ ఆట వింటున్నారమ్మా, తర్వాత చెబుతాను," అని జవాబొచ్చింది. ఆ జవాబు చెప్పిందీ నాన్న గొంతే. నీలవేణి ఆటో ఎక్కి కాశీబుగ్గ రెండో వీధికి పరుగుపెట్టింది.

దాలమ్మ అరుగు మీద కూర్చుని నవ్వుకుంటోంది.

"రా నీలమ్మా, కూకో. మావోడు మళ్ళీ కూతకెల్నాడు. ఇద్దర్ని కొట్టీసినాడట."

"అత్తా, లే. ఢిల్లేసుకి దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో ఉన్నాడు. నిన్నే అడుగుతున్నాడు."

"ఎవులు చెప్పినారు నీకు? చెమట తుడుసుకుంతన్నాడని మీ నాయన ఇప్పుడే కదా చెప్తన్నాడు."

"అది నాన్న కాదత్తా, యంత్రం."

"గొంతు మీ నాయనది కాదేటి?"

"గొంతు నాన్నదే."

"మరింకేటి? దెబ్బ తగిల్తే ఇంటిపేరెట్టి పిలిచీసీవోడు కాదా? మా ఆయనకి కాలిరిగిననాడు అలాగే పిలిచినాడు. పొయ్యి మీద కూడొదిలీసి పరిగెట్నాను. ఇయాల పిలవనేదు. పిలవనేదంటే ఏటీ అవనేదనే."

అది నిజమే. ఎవడికైనా గట్టి దెబ్బ తగిలితే తవిటినాయుడు ఆట చెప్పడం ఆపి, ఫలానా వారింటి వాళ్ళు మైదానానికి రండని రేడియోలో పిలిచేవాడు. దాచడం, నాన్చడం ఎరగడు. అందుకే ఆయన పిలవనంతసేపూ ఆ ఊరి తల్లులు గుండె మీద చెయ్యేసుకుని వంట చేసుకునేవారు. స్వరబింబం తయారుచేసినప్పుడు ఆ పిలుపులన్నిటినీ అశుభ వాక్యాలని సంస్థవాళ్ళు ఏరి పారేశారు. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. వీళ్ళు మేలు మాత్రమే ఎంచారు. నీలవేణి ఆనాడు అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

"నీ కాళ్ళు పట్టుకుంటానత్తా. టైము లేదు." నీలవేణి పూస లాగబోతే దాలమ్మ ఆ చేతిమీద ఒక్కటిచ్చింది.

"నీకేటైనా పిచ్చా? మీ నాయన నాతో ఏనాడూ అబద్ధమాడనేదు."

బతిమాలింది, ఏడ్చింది, కసిరింది. ఇరవై నిమిషాలు అలాగే పోయాయి. చివరికి ఏం చెయ్యాలో తోచక నీలవేణి వీధిలోకి దిగి, ఇంటికి ఎదురుగా నిలబడి, నాన్న పిలిచినట్టు పిలిచింది.

"సనపల వారింటి వాళ్ళు మైదానానికి రండి. మీ కుర్రాడికి దెబ్బ తగిలింది. బేగి రండి."

గొంతు జీరపోయింది. తండ్రి గొంతుతో దానికి ఏ పోలికా లేదు. అయినా దాలమ్మ ముఖంలో నెత్తురుచుక్క లేకుండా పోయింది. పూస తనే పీకి నీలవేణి చేతిలో పెట్టి, చెప్పులైనా తొడుక్కోకుండా వచ్చి ఆటోలో కూర్చుంది.

వాళ్ళు ఆస్పత్రికి చేరేసరికి ఢిల్లేశ్వరరావు పోయి తొమ్మిది నిమిషాలైంది. దాలమ్మ కొడుకు చెయ్యి పట్టుకుంది. ఇంకా వెచ్చగానే ఉంది.

"నాకోసం అడిగినాడా?"

"అడిగాడత్తా."

"ఎన్నిసార్లు అడిగినాడు?"

నీలవేణి బయటికి వచ్చేసింది. అక్కడికక్కడే సంస్థకు ఫోను చేసింది. ఆ గొంతుకు వారసురాలు ఆమె. ఆపమంటే వాళ్ళు ఆపి తీరాలి.

"మా నాన్న గొంతు తీసెయ్యండి. ఒక్క చెవిలో కూడా ఉండకూడదు."

"ఒకసారి తీసేస్తే మళ్ళీ రాదు మేడమ్," అన్నాడు అవతలి ఉద్యోగి మర్యాదగా. "అవునని ఒక్క మాట చెప్పండి, చాలు."

ఆమె నోరు తెరిచేలోగా దాలమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. కంట్లో నీళ్ళు లేవు. చెయ్యి చాపింది.

"పూస ఇటియ్యి తల్లీ."

"ఇంకా ఎందుకత్తా అది?"

"అందులో ఆడతన్నాడు కదే."

నీలవేణి ఇవ్వలేకపోయింది. దాలమ్మే ఆమె వేళ్ళు ఒక్కొక్కటిగా విప్పి పూస తీసుకుని, చెవిలో పెట్టుకుని, బల్ల మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. మైదానంలో జనం ఎప్పుడో ఇళ్ళకు వెళ్ళిపోయారు. పూసకు ఆ సంగతితో పనిలేదు. ఈ నాడి కుదుటపడేదాకా అది ఆట ముగించదు. ఈ నాడి ఇక ఎన్నడు కుదుటపడుతుంది?

"మేడమ్, తీసెయ్యమంటారా?" అంటున్నాడు ఉద్యోగి.

నీలవేణి ఫోను పెట్టేసింది. వచ్చి దాలమ్మ పక్కన కూర్చుంది.

"స్కోరెంతత్తా?"

"ముప్పై ఒకటి, ఇరవై ఎనిమిది," అంది దాలమ్మ కళ్ళు తెరవకుండానే. "మళ్ళీ మావోడే ఎల్తన్నాడు."