దెయ్యానికి చలానా రాస్తారా?

రేపల్లె రోడ్డులో మూతబడ్డ రైసుమిల్లు దగ్గర చీకటి పడ్డాక ఎవరూ ఆగరండి. లైటుండదు, మనిషి కనపడడు... ఢాం! ఢాం! అని పేలుడు మాత్రం మీ పక్కనుంచే పోతుంది.

తెనాలిలో పోలీసులు బైకుల మోత సైలెన్సర్లన్నీ ఊడబీకి, రోడ్డు మీద పరిచి రోలరుతో తొక్కించారు చూడండి, అందులో తనది పోయిందన్న దిగులుతో చచ్చినవాడి దెయ్యమట అది. మనవాళ్ల గొంతుతోనే పిలుస్తుందట. పలికామా... అంతే.

ఈ కథంతా మిల్లు ఎదురింట్లో కూర్చుని చెప్పింది గౌతమ్. ఆ ఇంటి జయలక్ష్మికి అక్క కొడుకు. పెసరట్టు తుంచుకుంటూ, "ఎవరు పిలిచినా తలుపు తియ్యొద్దు పిన్నీ" అని ఒట్టు కూడా వేయించుకున్నాడు, వెధవ!

ఎందుకు తిడుతున్నానా? ఆ మోత వాడిదే. టౌన్లో దొరికితే చలానా, బండి స్టేషన్లో. అందుకని పగలు కంపెనీ సైలెన్సరు. రాత్రి మిల్లు వెనక మోతది బిగించి, లైటార్పి తిరిగేవాడు. "మనుషుల మీద కంప్లైంటు ఇస్తారు గానీ, దెయ్యానికి చలానా రాస్తారేంట్రా?" అని స్నేహితులతో నవ్వేవాడట.

మొన్న కార్తీకంలో రాత్రి తొమ్మిదింటికి ఢాం అంది. వెంటనే ఇనుము రోడ్డు మీద బరబరా ఈడ్చుకుపోయిన చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"పిన్నీ..."

జయలక్ష్మి చివాల్న లేచింది. "మన గౌతమ్ అండీ!"

"ష్... ఇలాగే పిలుస్తుందని వాడే చెప్పాడు కదే. కూర్చో," అన్నాడు మొగుడు శ్రీనివాసరావు.

ఆమె గౌతమ్‌కి ఫోన్ చేసింది. మోగింది... ఎత్తలేదు. "నిద్రపోయుంటాడు," అన్నాడు మొగుడు.

"పిన్నీ... కాలు... బండి కింద..."

ఆమె గడియ మీద చెయ్యేసింది. శ్రీనివాసరావు ఆ చెయ్యి పట్టి వెనక్కి లాగాడు. తలుపుకి అడ్డంగా బల్ల జరిపాడు. ఆమె అతని కాళ్లు పట్టుకుని ఏడ్చింది. అయినా కదలనివ్వలేదు.

చాలాసేపటికి తలుపు మీద గోళ్లతో గీకిన చప్పుడు... ఆగుతోంది, మళ్లీ గీకుతోంది. అది వినపడకుండా అతను ఫోన్లో దేవుడి పాటలు గట్టిగా పెట్టాడు.

తెల్లారి పాలవాడి కేకకి తలుపు తీశారు. గడప మీద గౌతమ్ బోర్లా పడున్నాడు. బండి కిందనుంచి ఎలా బయటపడ్డాడో గానీ, రోడ్డు నుంచి మెట్ల దాకా నెత్తుటి చార.

ఆ శ్రీనివాసరావుని నేనేనండి. వాణ్ణి ఎత్తి ఒళ్లో వేసుకున్నాను. ఊపిరి లేదు. ఒళ్లు మాత్రం ఇంకా వెచ్చగానే ఉంది.