ఎక్కించిన నీళ్ళు

నేను కుక్కల డాక్టర్ని. పిల్లులకూ నేనే చూస్తాను గాని, వీధిలో ఎవరూ నన్ను పిల్లుల డాక్టరనరు. ఏళ్ళ తరబడి ఇదే పని చేయడం వల్ల నాకో పాడలవాటు అబ్బింది. ఎవరి చెయ్యి అందితే వాళ్ళ చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి లాగి వదిలేస్తాను. ఒంట్లో నీళ్ళు సరిపడా ఉంటే లాగిన చర్మం వెంటనే సర్దుకుంటుంది. నీళ్ళు ఇంకిపోయిన ఒంటి మీద ఆ మడత అలాగే నిలబడిపోతుంది. కుక్కకైనా, పిల్లికైనా, మా అత్తగారికైనా పరీక్ష ఒకటే. ఆవిడ నాకు చెయ్యి అందనంత దూరంలో కూర్చోవడం నేర్చుకుని చాలా కాలమైంది.

ఆ ఆదివారం మధ్యాహ్నమే మబ్బు కమ్మి వాన పట్టుకుంది. ఆసుపత్రి షట్టర్ సగం దించి నేనూ కాంపౌండరూ గిన్నెలు కడుగుతున్నాం. ఆయన చేతిలో ఏ పనీ ఒక పట్టాన తెమలదు కాబట్టి ఆయన్ని నిదానం అని పిలుస్తాను. ఆ పిలుపుకీ నిదానంగానే పలుకుతాడు. లోపల బోనులో ఒకే ఒక్క పిల్లి ఉంది. జబ్బు తగ్గింది, మర్నాడు ఇంటికి వెళ్ళిపోవాలి.

అప్పుడు మా చెల్లి వచ్చింది. తడిసి ముద్దయింది. దుప్పట్లో కుక్కను చుట్టుకుని తెచ్చింది.

దాని పేరు పిడుగు. ఉరిమినా లేవని బద్ధకపు కుక్కకు ఆ పేరు పెట్టింది మా మరిది, అంటే చెల్లి భర్త. ఆయన పోయి నెల దాటింది. మూత్రపిండాలు పాడై, ఒంట్లో నీరు చేరి పోయాడు. చివరి రోజుల్లో పెదాలు తడపడం తప్ప గుక్కెడు నీళ్ళు కూడా పోయకూడదన్నారు డాక్టర్లు. మాట పడిపోయాక ఆయన ఉంగరమున్న వేలితో ఇనప మంచం పట్టె మీద కొట్టేవాడు. రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి. నీళ్ళు కావాలని అర్థం. చెల్లి చెవులు మూసుకుని ఏడ్చేది గాని ఇవ్వలేదు. డాక్టర్లు చెప్పింది సరైన మాటే, నేనైనా అదే చెప్పేదాన్ని. పిడుగు మాత్రం ఆ మంచం కిందే పడుకుని, చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసేది.

కుక్కకు వాంతులు లేవు, విరేచనాలు లేవు అంది చెల్లి. గిన్నె నింపినప్పుడల్లా ఖాళీ అవుతోందట, కుక్క మాత్రం ఎండిపోతోందట. ఇదీ పోతే ఆ ఇంట్లో తను ఒక్కతే బతకలేనని మెల్లగా చెప్పింది. అసలే నోట్లో నాలుక లేని పిల్ల. అంత మాట అన్నదంటే నాకు భయమేసింది.

పిడుగు మెడ మీద చర్మం పట్టి లాగాను. మడత నిలబడిపోయింది. చిగుళ్ళు పొడిగా వేలికి అంటుకున్నాయి. నిదానం ముందుకాలి మీద బొచ్చు గొరిగాడు, నేను సూది గుచ్చి సెలైన్ పెట్టాను. సీసాకు ప్లాస్టర్ పట్టీ అంటించి, ఏ గంటకు నీరు ఎక్కడికి దిగాలో పెన్నుతో గీతలు గీశాను. ఇది నాకు వెన్నతో పెట్టిన విద్య. సాయంత్రానికి లేచి నిలబడుతుందని చెల్లికి చెప్పాను.

మొదటి సీసా అయిపోయింది. చర్మం అలాగే ఉంది.

రెండోది పెట్టాం. అదీ అయ్యాక తూకం వేస్తే, వచ్చినప్పుడు ఎంత ఉందో అంతే. ఎక్కించిన నీళ్ళు ఎక్కడో ఒకచోట ఉండాలి గదా. పాదాలు ఉబ్బలేదు. ఊపిరిలో గురగుర లేదు. మూత్రం పోయలేదు. నిదానం గొట్టమంతా తడిమి చూశాడు, ఎక్కడా కారడం లేదు. మూడో సీసా తగిలించాం.

అప్పుడే కరెంటు పోయింది. షట్టర్ కింది నుంచి వచ్చే మసక వెలుతురే మిగిలింది. స్పిరిట్ వాసన, తడిసిన బొచ్చు వాసన... వాటి మధ్య మరో వాసన. ఎండిన నోటి వాసన. మరిది గదిలో ఉండే వాసన.

సీసాలో నీరు నేను గీసిన గీతలు దాటి దిగిపోతోంది. గొట్టం మీద చుక్కల్ని ఆపే చక్రాన్ని పూర్తిగా బిగించాను.

చుక్క పడింది.

ఇంకా బిగించాను. రెండు చుక్కలు... ఆగింది... ఇంకొకటి.

"ఇంట్లోనూ ఇంతే అక్కా," అంది చెల్లి గుసగుసగా. "అది తాగడం లేదు. నీళ్ళే దిగిపోతున్నాయి."

కుక్క కాలి నుంచి సూది లాగేశాను. గొట్టం కొస గాల్లో వేలాడింది. నేల మీద ఒక్క చుక్క పడలేదు. సీసాలో నీరు మాత్రం ఎవరో గుటక వేస్తున్నట్టు... కొంచెం... మరి కొంచెం.

లోపల పిల్లి అరిచింది. నిదానం పరుగున వెళ్ళాడు. ఆయన పరుగెత్తడం నేను ఎన్నడూ చూడలేదు. తిరిగొచ్చి బోను వైపు చెయ్యి చూపించాడు. నేను వెళ్ళి చూస్తే పిల్లి గిన్నె పొడిగా ఉంది. మెడ పట్టి లాగాను. పొద్దున బాగున్న పిల్లి... మడత అలాగే నిలబడింది.

పిడుగు చీకటి పడకముందే పోయింది. చెల్లి దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఏడవడానికి ప్రయత్నించింది. కళ్ళలో తడి రాలేదు. నేను అలవాటు కొద్దీ చెల్లి ముంజేతి చర్మం పట్టి లాగాను. వదిలాను.

మడత దిగలేదు.

చెల్లిని మనుషుల ఆసుపత్రిలో చేర్చాం. అక్కడా అదే సీసా, అదే గొట్టం. సీసా ఇంత జోరుగా ఎందుకు పెట్టావని డాక్టర్ నర్సును కసిరాడు. చక్రం మూసే ఉందని ఆవిడ చూపించింది. ఆయన దాన్ని తిప్పి చూశాడు, మళ్ళీ తిప్పి చూశాడు, ఇంకో సీసా తెమ్మని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు ఏడుపొచ్చింది. తక్కువైన నీళ్ళు ఎక్కించడమే నాకు తెలిసిన వైద్యం. అవి ఎవరికి చేరుతున్నాయో తెలియనప్పుడు నా చదువంతా దండగ.

వార్డులో దీపాలు తగ్గించారు. చెల్లి పగిలిన పెదాలు కదిపింది.

"ఆయనకు చెప్పక్కా... ఇప్పుడు ఇస్తున్నాను గదా."

అప్పుడు వినిపించింది. ఇనప పట్టె మీద ఉంగరం చప్పుడు. రెండు దెబ్బలు... కాస్త ఆగి ఇంకొకటి.

"అలా కొట్టకమ్మా," అన్నాను.

అన్నాక నా చేతుల వైపు చూసుకున్నాను. చెల్లి రెండు చేతులూ నా చేతుల్లోనే ఉన్నాయి.

చప్పుడు మళ్ళీ వచ్చింది. ఆ వెంటనే మంచం కింద, నేల మీద గోళ్ళు బద్ధకంగా రాసుకున్నాయి... ఏదో తలెత్తి చూస్తున్నట్టు.