రాళ్ళషెడ్డులో ఎలుకల గది

కడప దాటినాక బండల ఫ్యాక్టరీలు వరసగా వచ్చే దోవలో ఒక ఫార్మసీ కాలేజీ ఉంది. కాలేజీకి చెడ్డపేరేమీ లేదు. దాని వెనక ఉన్న రాళ్ళషెడ్డుకే ఉంది.

ఒకప్పుడు ఆ షెడ్డులో నాపబండలు కోసేవాళ్ళు. ఒకనాడు నిలబెట్టిన బండలు జారి ఒక కూలిమనిషి ఎదురొమ్ము మీద పడ్డాయట. వాటిని ఎత్తేదాకా అతను వగరుస్తూనే ఉన్నాడట. ఎత్తినాక మనిషికి ఆ వగరుపు ఆగింది… షెడ్డుకు ఆగలేదంటారు.

పొద్దు గూకినాక అటుపక్క పోయినవాళ్ళకు — హ్హ… హ్హ… హ్హ — అని వినిపిస్తుందట.

కాలేజీవాళ్ళు షెడ్డు కొని, సున్నం కొట్టి, ఏసీ పెట్టి, దాన్ని ఎలుకల గది చేశారు. కాన్సరు మందుల మీద పరిశోధన చేసేవాళ్ళకు ఎలుకలు లేకుండా జరగదు కదా. పగలు పిల్లలు వస్తారు, పోతారు. చీకటి పడితే వాచ్‌మన్ ఇమాం వలి కూడా గేటు దగ్గర నిలబడే టార్చి కొట్టి చూస్తాడు. "జీతంలో కోసుకోండి సార్, నేను మాత్రం లోపలికి పోను" అని ప్రిన్సిపాల్ మొగం మీదే చెప్పిన మనిషి.

అట్లాంటి గదిలోకి, మే నెలలో ఒక రాత్రి, రమణి ఒంటరిగా పోయింది. ఎందుకు పోయిందో ముందు చెప్పాలి.

రమణిది డోన్. నాలుగేండ్లుగా అక్కడ పరిశోధన చేస్తోంది. ఒక కాన్సరు మాత్రను పరగడుపున వేసుకుంటే ఒంట్లో ఎంతసేపు నిలుస్తుంది, తిన్నాక వేసుకుంటే ఎంతసేపు నిలుస్తుంది — ఇదీ ఆమె పని. మనం మింగిన మందును కాలేయం ముక్కలు చేసి బయటికి తోసేస్తుంది. మరీ తొందరగా తోసేస్తే రోగం తగ్గదు. తోయకుండా నిలిచిపోతే మందే విషమవుతుంది. ఆ మధ్య దోవ కనుక్కునేదానికే ఇన్ని ఎలుకలు, ఇంత కాలం. రమణి ఓపిక గల పిల్లే. చెడ్డది కాదు.

స్తుతి వచ్చేదాకా కాదు.

స్తుతి కోసిగి పిల్ల. అమ్మానాయనలు ఏటా సుగ్గికి, కోతల కాలంలో కూలికి, గుంటూరు మిరపచేలకు పోతారు. ఆ పిల్ల కాలేజీలో చేరి ఏడాదే. చేరిన కొత్తలో తమ గైడు జ్ఞానమణి మేడంను ఒక సంగతి అడిగింది: "కాన్సరు మాత్రలు మింగేవాళ్ళు మా పక్క నేలఉసిరి కషాయం కూడా తాగుతారు మేడం. డాక్టరుకు చెప్పరు. ఆ కషాయం లోపల మాత్రను ఏం చేస్తాండాదో?"

మేడం కండ్లద్దాలు తీసి ఆ పిల్లనే చూసింది. "ఇదమ్మా, ప్రశ్న అంటే!"

అందరి ముందరా అంది. నాలుగేండ్లలో రమణితో ఒక్కనాడూ ఆ మాట అనలేదు.

ఆ మాట రమణి చెవిలో పురుగులా దూరింది. మేడం స్తుతికి టీ ఇస్తే, తన టీ చల్లగా ఉన్నట్టు తోచేది. స్తుతి ఎవరితోనో నవ్వితే, తనను చూసే నవ్విందనిపించేది. స్తుతి జొన్నరొట్టె, గురెళ్ళపొడి తెచ్చి పెడితే "నాకొద్దులే, నూనె వాసన" అని పక్కకు నెట్టింది. రమణికి గురెళ్ళపొడి అంటే ప్రాణం. అసూయ మనిషిని తనకిష్టమైన కూడు కూడా తిననియ్యదు.

ఏప్రిల్ చివర్లో మేడం ఇద్దరినీ పిలిచి చెప్పింది. హైదరాబాదులో పెద్ద ల్యాబులో ఒక్కరికే చోటుంది. మేలో ఎవరి ఫలితాలు నిక్కచ్చిగా వస్తే వాళ్ళే పోతారు.

బయటికి వచ్చినాక రమణి అంది: "నీకేంలే. మేడం పెంపుడుబిడ్డవి."

"అట్లనొద్దక్కా. ఆ చోటు నీకే వస్తాది. నేను నిన్న గాక మొన్న వచ్చినదాన్ని."

"నోటితో దానం చేస్తే ఖర్చేముంది?"

స్తుతి నవ్వి ఊరుకుంది. ఆ ఊరుకోవడాన్నే రమణి ఓర్చుకోలేకపోయింది.

తామరకు వేసుకునే మాత్రల్లో ఒక రకం ఉంది. అది కాలేయం చేతులు కట్టేస్తుంది. ఆ మాత్ర లోపల ఉండగా కాన్సరు మందు పడితే, ఆ మందు ముక్కలు కాదు, బయటికి పోదు, ఒంట్లోనే పేరుకుంటుంది. ఈ సంగతి ఆ చదువు చదివిన వాళ్ళందరికీ తెలుసు. రోగికి ఇట్లాంటి ముప్పు రాకుండా చూడమనే ఆ చదువు చెప్పేది. రమణి ఆ చదువునే ఇందుకు వాడుకుంది.

స్తుతి తన ఎలుకలకు మరుసటి పొద్దున మందు ఇవ్వాలి. ఆ రాత్రే వాటి నీళ్ళలో తామర మాత్రల పొడి కలిపితే, లెక్కలన్నీ తలకిందులవుతాయి. ఎలుకలు చచ్చినా చస్తాయి. ఈ పిల్ల చేతికి పని రాదని మేడం అనుకుంటుంది.

రమణి పొడి నూరింది. చేదు తెలియకుండా గ్లూకోజు కలిపి ఒక చిన్న సీసాలో పోసుకుంది. డోన్ పోతున్నానని అందరికీ చెప్పి ఆటో ఎక్కింది. బస్టాండులో చీకటి పడేదాకా కూర్చుని, మళ్ళీ వెనక్కి వచ్చింది.

సాయంత్రమే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయిందట. కాలేజీ అంతా చీకటి. గేటు దగ్గర ఇమాం వలి లేడు, అతని మోపెడ్డూ లేదు. దేవుడే దోవ ఇచ్చినాడనుకుంది రమణి. ఇట్లాంటి పనికి దేవుడు దోవ ఇవ్వడని ఆమెకు తోచలేదు. ఏసీ ఆగిన గదిలో తన ఎలుకలు ఎట్లున్నాయో అని కూడా తోచలేదు.

చేతిలో ఫోను వెలిగింది. స్తుతి. సాయంత్రం నుంచి చేస్తూనే ఉంది, రమణి ఎత్తలేదు. ఈసారి ఫోనే ఆపేసింది.

తాళం తీసింది. లోపల పొయ్యి మూత తీసినట్టు సెగ కొట్టింది. టార్చి వేస్తే దోవలో పోయేవాళ్ళకు కనిపిస్తుంది. వెయ్యక్కరలేదు. నాలుగేండ్లుగా తిరిగిన గది. పడమటి గోడకు ఆనుకుని తన ఎలుకల గూళ్ళు. ఎదురుగా, కిటికీ పక్క, స్తుతివి.

తడుముకుంటూ కిటికీ వైపు నడిచింది. మొదటి గూటి నీళ్ళసీసా చేతికి తగిలింది. ఊడదీసి, పొడి పోసి, మళ్ళీ తగిలించింది.

ఇది — 'ఇదమ్మా, ప్రశ్న అంటే' అనిపించుకున్నందుకు.

రెండోది. ఇది మేడం ఇచ్చిన టీ తాగినందుకు.

ఇంకొకటి. ఇది ఊరికే నవ్వినందుకు…

హ్హ…

చెయ్యి ఆగిపోయింది.

హ్హ… హ్హ…

గూళ్ళ వెనక నుంచి. కిటికీ దగ్గర నుంచి. ఎవరో బరువు కింద వగరుస్తున్నట్టు.

గాలిలే, అనుకుంది. కానీ బయట ఆకు కదలడం లేదు. అప్పుడే వెనక్కి తిరిగి పోయి ఉంటే ఎంత బాగుండేది! ఇంకా రెండు సీసాలు మిగిలాయి. ఇంతదాకా వచ్చి వాటిని వదిలేస్తే స్తుతి గెలిచినట్టే. రమణి పళ్ళు బిగబట్టి ఒకదానిలో పోసింది. ఆఖరుదానికి చెయ్యి చాచింది —

గూళ్ళ వెనక తెల్లగా ఏదో లేచింది.

లేచి… ఉబ్బి… గూళ్ళ మీదుగా ముందుకు వంగింది. చల్లని తడి చెయ్యి ఒకటి రమణి మొగమంతా కప్పి, నోటి మీద ఆగింది.

చేతిలోది ఒలికిందో మిగిలిందో తెలియదు. ఎట్లా బయటపడిందో తెలియదు. బండముక్కల కుప్ప దగ్గర పడిపోయింది. అక్కడే ముడుచుకుని కూర్చుంది… చాలాసేపు.

గేటులోంచి వెలుతురు పడింది. మోపెడ్డు. ముందర ఇమాం వలి. వెనక, గోనెపట్ట చుట్టిన ఐసుగడ్డను ఒళ్ళో పెట్టుకుని, బట్టలన్నీ తడిసి — స్తుతి.

"రమణక్కా! డోన్ పోలేదా? ఏమైందక్కా?"

"లోపల… ఉండాది… తెల్లగా… మొగం మీద చెయ్యి పెట్టింది…"

"విన్నావా?" అన్నాడు ఇమాం వలి, మోపెడ్డు దిగకుండానే. "నేను చెప్తే అందరూ పళ్ళికిలిస్తిరి. ఇప్పుడు చూడు. నేను రానమ్మా, ఈడనే ఉంటా."

"నువ్వు ఈడనే ఉంటే ఐసు మోసేదెవరు మామా?" అంది స్తుతి. టార్చి తీసుకుని రమణి చెయ్యి పట్టింది. "రా అక్కా, నేనుండా కదా."

లోపల టార్చి వేసింది. కిటికీకీ గూళ్ళకూ నడుమ తాడు మీద తెల్లటి తడి దుప్పటి. దాని వెనక కిటికీలో ఆగి ఆగి తిరిగే ఒక పాత ఛార్జింగు ఫ్యాను. రెక్క జాలీకి తగిలి — హ్హ… హ్హ. గాలి తోసినప్పుడల్లా దుప్పటి ఉబ్బి గూళ్ళ మీదికి వాలుతోంది.

గుమ్మంలో ఐసుతో నిలబడిన ఇమాం వలి పడీపడీ నవ్వాడు. "హాస్టలు దుప్పటమ్మా! నీ దెయ్యానికి సర్ఫు వాసన వస్తాది!"

రమణికీ నవ్వొచ్చింది. గుండె కుదుటపడింది. చేసిన పని ఎవరూ చూడలేదు. అబద్ధం కూడా తడుముకోకుండా వచ్చింది: "కరెంటు పోయిందని తెలిసి బస్సు దిగేసినా. నా ఎలుకలకు ఏమైనా అయితే ఎట్లా అని."

"నాకూ అదే భయమైందక్కా. ఎన్నిసార్లు చేసినా నువ్వు ఫోను ఎత్తలేదు. అందుకే నిన్ను అడక్కుండానే మార్చేసినా. కోప్పడొద్దు."

"ఏం మార్చినావు?"

"గూళ్ళు." స్తుతి టార్చి పడమటి గోడకు తిప్పింది. "ఈ గోడ పెనం మాదిరి కాలుతాండాది. నీ వాటికి ఈ పొద్దున్నే మందు పడింది, నా వాటికి ఇంకా పడలేదు. మందు పడినవి ఈ వేడికి ఆగవు కదా. అందుకని నీవన్నీ కిటికీ పక్కకు పెట్టి, ఫ్యాను వేసి, తడి దుప్పటి కట్టి, నావి ఈడికి తెచ్చినా."

గోడ పక్క గూళ్ళలో రెండు ఎలుకలు కాళ్ళు చాచి పడి ఉన్నాయి. స్తుతి వాటిని చూసి, మోచేత్తో కండ్లు తుడుచుకుంది.

"నావి పోతే పోయినాయిలే. నీ నాలుగేండ్ల పని పాడు కాలేదు, అది చాలు. ఒక్కటి కూడా చావలేదక్కా. చూడు!"

వెలుతురు కిటికీ వైపు తిరిగింది. తెల్లటి ఎలుకలు వెనక కాళ్ళ మీద నిలబడి, గూటి కమ్ములు పట్టుకుని, సీసాల గొట్టాలకు నోళ్ళు ఆనించి ఉన్నాయి. సీసాల్లో బుడగలు గబగబా పైకి లేస్తున్నాయి.

"ఎంత దప్పికయిందో పాపం. ఎట్లా తాగుతాండాయో చూడు."

రమణి నోరు తెరిచింది. 'సీసాలు తీసెయ్' అంటే చాలు. ఇంకా సగం నీళ్ళున్నాయి. ఎందుకక్కా అని స్తుతి అడుగుతుంది. పొద్దున మేడం అడుగుతుంది. ఒక్క నిజం చెబితే సగమన్నా మిగులుతుంది.

"ఏమక్కా?" అంది స్తుతి.

బుడగలు లేస్తున్నాయి.

"ఏం లేదు," అంది రమణి.