ఇక్కడ ఆగవు

పొద్దున్నే రవిచంద్ర మామిడి రసాల పెట్టెలు ట్రాక్టరుకెత్తించి విస్సన్నపేట మార్కెట్టుకు బయల్దేరాడు. వెళ్తూ వెళ్తూ హాలు గోడకి తాను బిగించిన షెల్ఫుని మురిపెంగా చూసుకున్నాడు. నిన్న డ్రిల్లు పెడితే పాత గోడలోంచి సున్నం పిండిలా రాలింది, స్క్రూ గిర్రున తిరిగిపోయింది. అయినా అయ్యగారు వెనక్కి తగ్గే రకమా? కన్నాల్లో అగ్గిపుల్లలు కుక్కి మరీ బిగించాడు.

అతని భార్య యశస్వినికి ఆ షెల్ఫంటే ప్రాణం. ఉంగుటూరులోని పుట్టింటి నుంచి తెచ్చుకున్న పుస్తకాలు పెళ్లయిన దగ్గర్నుంచీ అట్టపెట్టెల్లోనే మగ్గుతున్నాయి. మళ్లీ పిల్లలకి ట్యూషన్ చెప్పాలని, ఈ ఇంట్లో తనదంటూ ఒక మూల ఉండాలని ఆమె ఆశ. అత్తగారు సుబ్బరత్నమ్మ మాత్రం షెల్ఫు చూసి, "ఇక్కడ నీ పుస్తకాలు ఆగవమ్మాయ్" అని ఊరుకుంది. ఆ మాట యశస్విని గుండెల్లో గుచ్చుకుంది. పుస్తకాలనే ఉండనివ్వని ఇంట్లో తనకి మాత్రం చోటెక్కడిది? పంతం కొద్దీ అన్నీ షెల్ఫులో సర్దేసింది.

ఇవాళ ఇంకో బాధ. షెల్ఫు కింద ఉన్న నెలల పాప స్టాండు ఉయ్యాలని అత్తగారు తన గదిలోకి లాక్కుపోయింది. యశస్విని తెచ్చి మళ్లీ అక్కడే పెట్టింది. పెరట్లో బట్టలారేసి వచ్చేసరికి ఉయ్యాల మళ్లీ అత్తగారి గదిలో ఉంది. ఇక ఆగలేకపోయింది.

"పుస్తకాలు వద్దన్నారు, సరే. పాపని కూడా నా దగ్గర ఉండనివ్వరా అత్తయ్యగారూ?"

సుబ్బరత్నమ్మ తెల్లబోయింది. ఆవిడ నోరు తెరిచేలోగా హాల్లో దభీమని చప్పుడైంది. ఇద్దరూ పరుగెత్తారు. చేటంత సున్నం పెచ్చుతో సహా షెల్ఫు ఊడిపడింది. సరిగ్గా ఉయ్యాల ఉండే చోట పుస్తకాలు కుప్పగా పడున్నాయి.

యశస్విని గదిలోకి వెళ్లి పాపని గుండెలకి హత్తుకుని కూలబడింది.

"ఆగవన్నది గోడ గురించా అత్తయ్యగారూ?"

"మరింక దేని గురించమ్మా? ఆ గోడంతా గుల్లే. వాడితో అంటే నీకేం తెలుసమ్మా అన్నాడు. నేను గట్టిగా వద్దంటే పరాయిదాన్ని చేశారనుకుంటావని ఉయ్యాల జరిపి ఊరుకున్నాను."

యశస్విని ఆవిడ చేతులు పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. నా బిడ్డని కాపాడిన మనిషినా ఇన్ని మాటలన్నాను అని కుమిలిపోయింది. సుబ్బరత్నమ్మ కోడలి తల నిమురుతూ, పిచ్చిపిల్లా, నేను విడమరిచి చెప్పాల్సింది అంది.

సాయంత్రం ఇంటికొచ్చి సంగతి విన్న రవిచంద్ర తలెత్తలేదు. మర్నాడు తల్లి వేళ్లతో గోడలన్నీ తట్టి చూసి, డబడబమనకుండా గట్టిగా పలికే గోడ చూపించింది. అది ఆవిడ గదిలోదే. ఇటుక కనిపించేదాకా సున్నం చెక్కి, పొడుగాటి బోల్టులు ఇటుకలోకి దించి, కింద ఇనప బ్రాకెట్లు వేశారు. కొడుకు దానికి వేలాడి చూపిస్తేగానీ ఆవిడ ఒప్పుకోలేదు.

యశస్విని సంకోచంగా నిలబడింది. "ట్యూషన్ పిల్లలంతా మీ గదిలోకే వస్తారు. మీకు మధ్యాహ్నం కునుకు కూడా ఉండదు."

"మీ మామయ్య పోయాక ఈ గదిలో మాటన్నది వినపడలేదమ్మాయ్. రానీ."

యశస్విని మొదటి పుస్తకం తీసి, షెల్ఫులో పెట్టమని అత్తగారి చేతికే ఇచ్చింది.