ఎదురు డాబా మీద వంగిన మనిషి

ఆమెను మొదటిసారి చూసినప్పుడు "అవ్వా" అని పిలిచాను. ఆ మాటకు ఆమె నన్ను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పటికి నేను నారాయణఖేడ్ డిపోకు మెకానిక్‌గా వచ్చి వారమైంది. హన్మమ్మ అనే ఆమె ఇంట్లో పైగది అద్దెకు తీసుకున్నాను. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, చేతుల గ్రీజు కడుక్కుని డాబా మీదకు వచ్చేసరికి సన్నగా తుంపర పడుతోంది. సందుకు అవతలి డాబా మీద ఒక ముసలామె నడుస్తోంది. నడుము దగ్గర దాదాపు సగానికి వంగిపోయింది. తల మీదుగా బూడిదరంగు శాలువా. ఒక చేత్తో పొట్ట పట్టుకుని, గోడ వెంట ఒక్కో అడుగే వేస్తోంది. అడుగుల చప్పుడు లేదు.

"అవ్వా, వానల ఏం తిరుగుతున్నవ్? జారుతవ్, లోపలికి పో," అన్నాను.

ఆమె ఆగింది. తల ఎత్తలేదు. గాలికి శాలువా కొంచెం తొలగింది. నడుము పక్కన రెండు చిన్న బుడ్డీలు వేలాడుతున్నాయి. వాటిలో ఎర్రగా ఏదో కదిలింది. తర్వాత ఆమె మెట్లగదిలోకి పోయింది, తలుపు మూసుకుంది.

కిందికి దిగి హన్మమ్మను అడిగాను. "ఎదురింటి అవ్వకు పానం బాగలేదా?"

చాయ్ వడపోస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "ఏ అవ్వ?"

"వంగి నడుస్తది చూడు, గా అవ్వ."

"గా ఇంట్ల ఎవ్వలు లేరు బిడ్డా. వంగి నడిచే అవ్వ దసరకు ముందే సచ్చిపోయింది. కొడుకు శివలింగప్ప సిర్గాపూర్ల బట్టల దుకాణం నడుపుతుండు. అప్పట్నుంచి ఇంటికి తాళమే."

వీధిలోకి వెళ్ళి చూశాను. తలుపుకు తాళం ఉంది. తాళం నుంచి గడియ దాకా సాలెగూడు అల్లుకుని ఉంది.

మర్నాడు ఆరింటికి డాబా ఎక్కకూడదనుకున్నాను. ఎక్కాను. ఆమె ఉంది.

వాళ్ళ డాబా మీది నీళ్ల ట్యాంకుకు అడ్డంగా గీతలుంటాయి. ఆమె దాని పక్కనుంచి నడిచినప్పుడు మొదటిరోజు తల కింది నుంచి రెండో గీత దగ్గర ఉంది. నాలుగో రోజుకు మూడో గీతకు వచ్చింది. ఆరో రోజుకు అదీ దాటింది. వయసు మీద పడితే మనుషులు రోజురోజుకూ వంగుతారు. ఈమె లేస్తోంది. ఏడో రోజు శాలువా కింద నుంచి జడ కనిపించింది. నల్లగా, ఒత్తుగా ఉంది. చచ్చిపోయిన మనిషి రోజుకింత వయసు వెనక్కి తెచ్చుకుంటోందా అనిపించి నా వీపు చల్లబడింది.

ఎనిమిదో రోజు ఆమె దాదాపు నిటారుగా వచ్చి, సరిగ్గా నాకు ఎదురుగా నిలబడింది. నడుము పక్కన బుడ్డీలు లేవు.

"నువ్వు మనిషివేనా?" అన్నాను.

"సగం," అంది. వయసులో ఉన్న గొంతు. "మిగతా సగం హైదరాబాద్ల కోసి తీసేసిండ్రు."

నేను పిట్టగోడ పట్టుకున్నాను.

శాలువా వెనక్కి తోసింది. ఇరవై ఏడో ఎనిమిదో ఉంటాయి. పాలిపోయిన ముఖం, నవ్వు ఆపుకుంటున్న కళ్ళు. "నేను అవ్వను కాదు, ఆమె మనుమరాల్ని. శాలువ ఆమెదే. పేరు శృతి. ఇగ నేను దయ్యమన్న బుగులు పోయిందా?"

"బుగులు ఎవ్వలకు? నా పేరు నర్సింగ్, డిపోల మెకానిక్‌ని."

"రోజు గదే గోడ పట్టుకొని నిలబడుతున్నవ్. నీకంటే గోడకే ఎక్కువ బుగులైనట్టుంది."

"మరి తాళం?"

"ఊర్లె తెలిస్తే మా నాయినకు తెలుస్తది. నేను హైదరాబాద్ల ట్రైనింగ్‌ల ఉన్న అనుకుంటుండు. నాకు తోడొచ్చిన భాగమ్మత్త, నేను వెనక సందు తలుపు నుంచి తిరుగుతున్నం. కడుపు ఆపరేషన్ అయింది. ఎవ్వలకు చెప్పకు."

చెప్పలేదు. కానీ ఆ రాత్రంతా అదే ఆలోచన. కడుపు కోశారు, రక్తం బుడ్డీలు కట్టారు, కన్నతండ్రికి కూడా చెప్పలేదు. ఇంకేముంటుంది? మర్నాడు బత్తాయిల సంచి సందు మీదుగా జాగ్రత్తగా విసిరాను.

"గివెందుకు?"

"తిను. డాక్టర్లు ఎన్ని దినాలని చెప్పిండ్రు?"

"ఏంది, ఎన్ని దినాలు?"

"బతికేది."

ఆమె ఒక్క క్షణం చూసి, రెండు చేతులతో పొట్ట అదిమి పట్టుకుని కిందికి కుంగింది. నవ్వుతోందని అర్థం కావడానికి నాకు కొంతసేపు పట్టింది.

"నవ్వించకు. కుట్లు గుంజుతున్నయ్. నాకేం రోగం లేదు. రెండేండ్ల కింద నూటపది కిలోలుంటి. నలభైఆరు కిలోలు తగ్గిన. కొవ్వు పోయింది, తోలు పోలేదు. సంచి లెక్క తొడల మీదికి వేలాడేది. అది కోసి, మిగిలింది కిందికి గుంజి కుట్టిండ్రు. గందుకే కొన్ని దినాలు వంగి నడవాలె. గా బుడ్డీలు లోపలి నెత్తురు, నీరు బయటికి రానీకి పెట్టినయ్."

నేను మెకానిక్‌ని. నోటికి తోచింది అనేశాను. "గింతదానికి కోసుకుంటరా?"

ఆమె ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఎండకాలం గా తోలు కింద చెమటకు పుండ్లైతుండె. గుడ్డలు మడిచి పెట్టుకొని బస్ ఎక్కేది. నీకు గింతది. నాకు గాదు." లోపలికి పోయింది.

మూడు రోజులు ఆ డాబా ఖాళీగా ఉంది. తీగ మీద శాలువా ఒక్కటే ఆరేసి ఉంది. దాని మడతల్లో ఎవరో వంగి నిలబడినట్టు ఉండేది. పిలిస్తే పలికే మనిషి మాత్రం లేదు.

ఆదివారం పగలు మబ్బు కమ్మి, వీధి దీపాలు వెలిగించేంత చీకటైంది. డాబా మీదకు వెళ్ళాను. ట్యాంకు పక్కన ఆమె ఉంది. మొదటిరోజు ఎలా చూశానో అలాగే. సగానికి వంగి, తల రెండో గీత దగ్గర. ఇన్ని రోజులు లేచినదంతా ఎవరో తిరిగి లాగేసుకున్నట్టుంది.

"శృతీ."

పలకలేదు. గోడకు వీపు ఆనించి, మెల్లగా జారి కనబడకుండా పోయింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. వెనక సందులో తలుపు తోసుకుని వెళ్ళాను. భాగమ్మత్త చెవులు సరిగ్గా వినపడని మనిషి, బియ్యం ఏరుతోంది. ఆమెకు చేత్తో పైకి చూపిస్తూ ఎక్కాను. శృతి నుదురు తడిసిపోయి ఉంది.

"కోపంతోని కడుపుకు కట్టిన బెల్టు తీసి పడేసిన. అత్తకు మోకాళ్ల నొప్పులని నీళ్ల బిందెలు మోసిన," అంది. "లోపల ఏదో కదులుతుంది నర్సింగ్. నేను ఒక దిక్కు ఒరిగితే, అది నాకంటె ఒక చిటికె ఆగి ఒరుగుతుంది."

హైదరాబాద్‌లో ఆపరేషన్ చేసిన డాక్టరమ్మకు ఫోన్ చేశాం. భయపడొద్దు, కానీ ఈరోజే తీసుకురండి అంది. కారు మాట్లాడాను. భాగమ్మత్త ముందు కూర్చుంది. వెనక శృతి కాళ్ళు ముడుచుకుని దిండుకు ఆనుకుంది.

డాక్టరమ్మ సూదితో పెద్ద సిరంజి నిండా నీరు లాగింది. నేను తెర ఇవతల ఉన్నాను. గాజు గిన్నెలో నీరు పడే చప్పుడు మాత్రం వినిపించింది.

"చర్మం కింద నీరు చేరడం కొందరికి అవుతుంది. మళ్ళీ చేరితే మళ్ళీ తీస్తాం. ఇంకో నాలుగు వారాలు బెల్టు తీయకూడదు, బరువెత్తకూడదు. వాపు మొత్తం తగ్గడానికి నెలలు పడుతుంది, అద్దం చూసి కంగారు పడొద్దు. మచ్చ ఏడాదికి పలచబడుతుంది, పూర్తిగా పోదు," అంది. తర్వాత తెర ఇవతలికి వచ్చి నావైపు చూసింది. "మీరు ఈమెకు ఏమవుతారు?"

"ఎదురు డాబా," అంది శృతి లోపలి నుంచి.

తిరుగు ప్రయాణంలో వాన పట్టుకుంది. భాగమ్మత్త ముందు సీట్లో నిద్రపోయింది. అద్దం మీద నీటి చారల నీడ శృతి ముఖం మీద పాకుతోంది.

"ఒకటి చెప్తే నవ్వద్దు. కోసి తీసేసిన తోలు ఉంది కదా, అది దురద పెడ్తది. గోకుదామని చెయ్యి పెడితే అక్కడ ఏం లేదు, గాలే ఉంది. బొడ్డు దగ్గర ముట్టుకుంటే తెల్వదు. నా పానం ఏడనో వేరే జాగల తిరుగుతున్నట్టు అనిపిస్తది."

నేను నవ్వలేదు. "గా దినం నేనన్నది తప్పు."

"ఏ దినం? అవ్వ అన్నదా, గింతదానికన్నదా?"

"రెండూ." అన్నాను. "ఆరు కాంగనే నా గుండె దడదడమంటది. మొదట్ల బుగులుతోని. ఇప్పుడు బుగులు పోయింది. దడ పోతలేదు."

ఆమె కిటికీ వైపు తిరిగింది.

"మచ్చ ఈ పక్క నుంచి ఆ పక్క దాక ఉంటది. పెండ్లి చూపులల్ల గీ మాట ఎట్ల చెప్పాలె?"

"ఎవ్వలకు చెప్పాలె? నేను విన్న కదా."

కాసేపటికి ఆమె డ్రైవర్‌తో అంది, "అన్నా, సిర్గాపూర్ దిక్కు తిప్పు. మా నాయినకు నేనే చెప్పాలె."

మేం చేరేసరికి కరెంటు లేదు. దుకాణం ముందు చీరలు కట్టిన తలల్లేని బొమ్మలు వరసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య నుంచి శృతి కొంచెం వంగి లోపలికి నడిచింది. కొవ్వొత్తి వెలుగులో గుడ్డ కొలుస్తున్న శివలింగప్ప తల ఎత్తాడు. కత్తెర చేతిలోనే ఉండిపోయింది.

ఆమె అంతా చెప్పింది. నిలబడే చెప్పింది. ట్రైనింగ్ అబద్ధం, దాచుకున్న జీతం, అవ్వ ఇల్లు, ఈరోజు తీసిన నీరు. చివరికి నన్ను చూపించింది. "గీయనె నర్సింగ్. డిపోల మెకానిక్. ఈయన లేకపోతే నేను ఇంకా డాబా మీదనే పడి ఉంటుంటి."

చీకటి దుకాణంలో ఆయన ఊపిరి నాకు వినపడుతోంది. కేకలేస్తాడనుకున్నాను.

"నోవాయ్తా?" అన్నాడు. నొప్పైందా అని, వాళ్ళింటి కన్నడంలో.

అప్పటిదాకా గట్టిగా ఉన్న మనిషి అప్పుడు ఏడ్చింది.

ఆయన ఆమెను బట్టల మూట మీద కూర్చోబెట్టాడు. "బెల్టు ఒరుసుకుంటదా?" అని అడిగాడు. ఆమె తలూపింది. అరలోంచి మెత్తటి నూలు తాను దించి, కొలవకుండానే పర్రున చింపి, మడతపెట్టి ఆమె ఒళ్ళో పెట్టాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"నీకు అమ్మనాయిన ఉన్నరా?"

"మెదక్‌ల ఉన్నరు."

"బెల్టు తీసేటి దినం తోల్కొని రా. కూసోని మాట్లాడుకుందాం."

నేను చెప్పులు వేసుకుని వెనక్కి చూశాను. శృతి ఒక చేత్తో ఆ గుడ్డను పట్టుకుని, నాలుగు వారాలన్నట్టు రెండో చేతి నాలుగు వేళ్ళు నాకు చూపించింది.