రెండంగుళాలు కిందకి

"ఆగరా! కాలుస్తా!"

ఆగడు.

ఆస్పత్రి మెట్లు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. చీకటి పడ్డ కిటికీలు పక్కనుంచి పరిగెడుతున్నాయి. వెనక ఎస్సై బూట్ల చప్పుడు!

ఎస్సై చేతిలో రివాల్వర్. ఫోన్‌లో వీడియో. అందులో ఈ అల్లుడే మామగారి గుండెల మీద దబదబా గుద్దుతున్నాడు!

తీసింది పక్కింటాయన. సాయానికి రాలేదు. వీడియో మాత్రం నీట్‌గా తీశాడు. పోలీసులకి పంపాడు. అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ పెట్టాడు. అందరూ దణ్ణం బొమ్మలు పెట్టేశారు.

మామగారు ఇంకా పోలేదు.

అది గుద్దడం కాదు. సీపీఆర్! ఆఫీసులో ప్లాస్టిక్ బొమ్మ మీద నేర్చుకున్నాడు. బొమ్మకి బొజ్జ లేదు. మామగారికి ఉంది.

చేతులు జారాయి... రెండంగుళాలు కిందకి. లోపలేదో పుటుక్కుమంది. అయినా ఆపలేదు.

ఆగిన గుండె మళ్ళీ కొట్టుకుంది!

గుండె నొక్కిన సంగతి డాక్టర్‌కి మాత్రం చెప్పలేదు.

"ఎవరూ ముట్టుకోలేదనండి. పోలీసు కేసవుతుంది. నలుగురిలో పరువు పోతుంది," అన్నారు అత్తగారు. ఇంటిల్లిపాదీ తలూపారు. తనూ ఊపాడు.

డాక్టర్ ఉత్త గుండెపోటే అనుకున్నాడు. రక్తం పలచబడే మందు ఎక్కిస్తున్నాడు.

ఇందాక కింద మందుల షాపులో ఉండగా భార్య ఫోన్.

"ఏవండీ! నాన్న పొట్ట కుండలా ఉబ్బిపోతోంది! బీపీ పడిపోతోంది... నేను డాక్టర్ కోసం వెళ్తున్నా!"

అర్థమైపోయింది. అప్పుడు పుటుక్కుమన్న ఎముక గుచ్చుకుంది. లివర్ చిరిగింది. ఆ మందు ఎక్కినంతసేపూ లోపల నెత్తురు ఆగదు!

అప్పుడే ఎస్సై భుజం మీద చెయ్యేశాడు. విదిలించుకున్నాడు. పరుగు!

భయం వెయ్యాలి. వెయ్యట్లేదు. ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

ఐసీయూ తలుపు తోశాడు.

మంచం పక్కన అత్తగారొక్కరే. కొంగు సర్దుకుని, పేరంటానికొచ్చినంత కుదురుగా.

"అత్తయ్యగారూ! ఆ మందు ఆపాలి! నేను నొక్కినప్పుడు లివర్ చిరిగింది!"

"తెలుసు బాబూ."

"తె... తెలుసా?"

"పుటుక్కుమన్నది నాకూ వినబడిందిగా." నిట్టూర్చారు. "అయినా, ఆగిన గుండెని మళ్ళీ కొట్టుకోమని నిన్నెవరడిగారు?"

మంచం వైపు ఒక అడుగు వేశాడు.

"నలభై ఏళ్ళు బాబూ! ఫ్యాను రెండో నంబరు దాటనివ్వలేదు. రోహిణి ఎండల్లో కూడా! రెగ్యులేటర్ కిందే కుర్చీ వేసుక్కూర్చునేవారు."

అప్పుడు చూశాడు. ఆవిడ వేళ్ళు సెలైన్ గొట్టం మీద ఉన్నాయి. చుక్కల్ని అదుపు చేసే చిన్న చక్రం మీద.

పూర్తిగా తెరిచేసి ఉంది! మందు ధారగా దిగుతోంది!

ఆవిడ చెయ్యి తోసేశాడు. చక్రం పట్టుకున్నాడు.

ధడేల్! తలుపు.

"చెయ్యి తియ్యి!" ఎస్సై. రివాల్వర్ సూటిగా.

అత్తగారి గొంతు ఒక్కసారిగా మారిపోయింది.

"బాబోయ్! మందు మార్చేస్తున్నాడండీ! మా ఆయన్ని చంపేస్తున్నాడండీ!"

చెయ్యి తీస్తే ఆవిడ వేళ్ళు మళ్ళీ అక్కడికే వస్తాయి.

తియ్యడు. తిప్పుతున్నాడు...

ఎస్సై వెనక తలుపులో తెల్ల కోటు. డాక్టర్!

"డాక్టర్! నేనే! నేనే నొక్కాను! లివర్ చిరిగిపోయింది!" అరిచాడు.

నేరం ఒప్పుకున్నట్టే వినబడింది ఎస్సైకి.

ఢాం!

భుజంలోంచి వేడిగా ఏదో దూసుకుపోయింది. నొప్పి తెలియట్లేదు. వేలు మాత్రం చక్రాన్ని చివరిదాకా తిప్పింది.

చుక్క ఆగింది.